చూపించకుండా నేర్పిన కత్తెరక్క

యూనిఫాములు కుట్టే ఆ షాపులో మిషన్ల మీద కూర్చునేవాళ్ళు చాలామంది. బట్ట కత్తిరించేది మాత్రం ఒక్కతే. ఆమె అసలు పేరు కొత్తగా చేరినవాళ్ళకు తెలిసేది కాదు, పాతవాళ్ళకు గుర్తుండేది కాదు. యజమాని దగ్గర్నుంచి గుండీలు కుట్టే ముసలమ్మ వరకు అందరికీ ఆమె కత్తెరక్క.

షాపు మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక బల్ల. దాని మీద బట్ట తాను విప్పి, పొర మీద పొర పరిచి, నమూనా అట్ట పెట్టి, సుద్దతో గీత గీసి, బరువైన కత్తెరతో ఎక్కడా ఆగకుండా కోసుకుంటూ పోయేది. నర్సుల కోట్లు, బడిపిల్లల చొక్కాలు, కాపలావాళ్ళ ప్యాంట్లు. మనిషిని ఒకసారి తేరిపార చూస్తే చాలు, ఏ భుజం కిందికి జారిందో, ఏ తుంటి పక్కకు ఒరిగిందో పట్టేసేది. వాళ్ళకు తెలియకుండానే ఆ వైపు కాస్త సర్ది కోసేది. తొడుక్కున్నవాళ్ళు అద్దంలో చూసుకుని, ఈ బట్టల్లో నేను బాగానే ఉన్నానే అని మురిసిపోయేవాళ్ళు.

అంతమంది ఒళ్ళు నిటారుగా కనిపించేలా చేసిన మనిషికి తన ఒళ్ళు పట్టలేదు. పొద్దస్తమానం బల్ల మీదికి వంగీ వంగీ, ఒకరోజు కింద పడిన సుద్దముక్క కోసం వంగి, ఇక లేవలేకపోయింది. నడుము పట్టేసింది. పక్కవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని, వంగినదాన్ని వంగినట్టే బండెక్కించి ఇంటికి చేర్చారు. బస్సుల డిపోలో మెకానిక్కుగా పనిచేసే ఆమె మొగుడు తలుపు తీసి, కంగారును కప్పిపుచ్చుకోవడానికి, "ఏంటిలా వచ్చావ్, గడప కిందనుంచి దూరదామనా?" అన్నాడు. ఆమె నవ్వబోయి, నొప్పికి ఏడ్చేసింది.

డాక్టరు మాత్రలు రాసి, వ్యాయామం చేయకపోతే ఈ నొప్పితో కాపురం చేయాల్సిందేనని తేల్చాడు. ఆమె వద్దంటున్నా వినకుండా ఆడపడుచు ఆమెను యోగా క్లాసుకు లాక్కెళ్ళింది.

క్లాసు లైబ్రరీ మేడ మీద, పొడవాటి హాల్లో జరిగేది. నేర్పే మాస్టారు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైనవాడు. ముందు వరసల్లో పాతవాళ్ళు చాపలు పరిచేసి, కొత్తవాళ్ళకు సందివ్వకుండా కాపలా కాసేవాళ్ళు. కత్తెరక్కకు హాలు చివర, లావుపాటి స్తంభం వెనక చోటు దొరికింది. అదే మంచిదనుకుంది. నడుము సగం కూడా వంగని తన అవస్థ ఎవరి కంటా పడదు కదా.

కాకపోతే ఆమెకూ మాస్టారు కనిపించేవాడు కాదు. ఆయన ఓ పేరు చెప్పి, "ఇదిగో, ఇలా" అనేవాడు. హాలంతా చూసి అలా చేసేది. కత్తెరక్కకు పేరు వినిపించేది తప్ప ఆ "ఇలా" ఏమిటో తెలిసేది కాదు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఒకరోజు స్తంభం వెనకనుంచే గట్టిగా అడిగింది.

"మాస్టారూ, నాకు ఇలా కనపడదు. మాటల్లో చెప్పండి."

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆగి, ఆమె అడిగినవన్నీ విప్పి చెప్పాడు. అది ఆనవాయితీ అయింది. రోజూ మెట్లు దిగుతూ ఆమె ఒక మాట అడిగేది, ఆయన చెప్పేవాడు.

"యోగం అంటే ఏంటి మాస్టారూ?"

"కలపడం అమ్మా. కాడికి ఎడ్లను కడతాం చూడు, అలాంటి కలపడం."

"అంటే రెండు ముక్కలు జతచేసి కుట్టడమా?"

"అలాగే అనుకో. ఊపిరి ఒక ముక్క, ఒళ్ళొక ముక్క, మనసొక ముక్క. దేని దారిన అది పోతుంటే పట్టుకొచ్చి కలపాలి."

"మరి ఆసనం?"

"కూర్చోవడం. కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా అది ఆసనం కాదు."

"హాయిగానా? ముందు వరసవాళ్ళ మొహాలు చూస్తే అప్పులవాళ్ళు తలుపు కొడుతున్నట్టుంటాయే!"

మాస్టారు మెట్ల కమ్మీ పట్టుకుని నవ్వాడు. యోగానికి ఎనిమిది అంగాలని, జనం మొదలుపెట్టే ఆసనం నిజానికి మూడోదని, దానికి ముందు యమం, నియమం అని రెండున్నాయని చెప్పాడు. యమం అంటే నలుగురితో ఎలా మెలగాలో, నియమం అంటే తనతో తాను ఎలా మెలగాలో. యమంలో మొట్టమొదటిది అహింస, తర్వాతది సత్యం. ఆసనం తర్వాత ఊపిరిని దారిలో పెట్టే ప్రాణాయామం. ఆపైన ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, చివరికి సమాధి.

"అమ్మో, ఆ చివరిది ఇప్పుడే వద్దు మాస్టారూ. పిల్లదాని చదువింకా పూర్తవలేదు."

"ఆ సమాధి కాదమ్మా తల్లీ! మనసు పూర్తిగా కుదురుకోవడం."

ఇంట్లో మొగుడికి ఈ పేర్లన్నీ పెద్ద వేడుక. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు: "మా ఆవిడ పొద్దున్నే లేచి పిల్లి అవుతుంది, కుక్కవుతుంది, పామవుతుంది, ఆఖరికి శవమైపోతుంది. ఆ తర్వాత లేచి నాకు కాఫీ పెడుతుంది." అంటూనే, ఆమె శవాసనంలో ఉన్నంతసేపూ రేడియో చప్పుడు తగ్గించేవాడు.

నడుము మెల్లగా దారికొచ్చింది. మళ్ళీ బల్ల దగ్గర నిలబడింది. ఇప్పుడు వంగే తీరు మారింది. నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర మడుచుకుని, ఊపిరి వదులుతూ వంగేది. క్లాసు మాత్రం మానలేదు. నొప్పి కోసం వెళ్ళిన మనిషి ఇప్పుడు మాటల కోసం వెళ్ళేది.

షాపు వెనక వీధిలో చూపులేనివాళ్ళ హాస్టలొకటి ఉంది. కుర్చీలు అల్లేవాళ్ళు, ఫోన్ల దగ్గర ఉద్యోగం చేసేవాళ్ళు అక్కడ ఉంటారు. పనంతా కూర్చుని చేసేదే కావడంతో అందరికీ మెడలు, నడుములు పట్టేస్తున్నాయని హాస్టలు వార్డెనమ్మ మాస్టారిని యోగా నేర్పమంది. ఆయన సంతోషంగా వెళ్ళాడు. గంట తిరక్కుండానే మొహం వేలాడేసుకుని వచ్చి, షాపులో కత్తెరక్క ఎదురుగా స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమైంది మాస్టారూ?"

"నా నోట్లో 'ఇలా' తప్ప ఇంకో మాట లేదమ్మా. ఇన్నేళ్ళూ చేసి చూపించాను, నేర్పాననుకున్నాను. అక్కడ నిలబడి చెయ్యెత్తి 'ఇదిగో, ఇలా' అన్నాను. ఎవరూ కదల్లేదు. ఎత్తిన చెయ్యి దించడానికి కూడా సిగ్గేసింది." స్టూలు ముందుకు జరుపుకుని అన్నాడు: "నువ్వు వెళ్ళు. నా క్లాసులో నన్ను చూడకుండా నేర్చుకున్నదానివి నువ్వొక్కదానివే."

"నేనా! నాకు కత్తెర పట్టుకోవడం తప్ప ఏమొచ్చు?"

"రానిది నన్ను అడుగు. మెట్ల మీద అడిగినట్టే."

నాలుగు రోజులు నావల్ల కాదని తప్పించుకుని, ఐదో రోజు వెళ్ళింది.

హాస్టల్లో భోజనాల బల్లలు గోడకు జరిపి చాపలు పరిచారు. అందరిలో ఇద్దరి గొంతులు ఆమెకు వెంటనే గుర్తుండిపోయాయి. ఒకటి, తెల్లజుట్టు పెద్దాయనది. పుట్టుకతోనే చూపులేని ఆయన కుర్చీలల్లడంలో ఆరితేరాడు. అంతా కుర్చీల బాబాయ్ అంటారు. రెండోది, పెద్ద ఆస్పత్రి ఫోన్లకు జవాబు చెప్పే అమ్మాయిది. చెవిలో పడితే ఇంకాసేపు మాట్లాడితే బాగుణ్ణనిపించే గొంతు. ఆమె ఫోనమ్మాయి.

కత్తెరక్క గొంతు సవరించుకుని మొదటి మాట అంది: "అందరూ కళ్ళు మూసుకోండి."



"మూసేశాం అక్కా, ఎప్పుడో!" అంది ఫోనమ్మాయి.

హాలంతా పగలబడి నవ్వింది. కత్తెరక్కకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. కానీ ఆ నవ్వులో ఎకసెక్కం లేదని, అది రమ్మని పిలిచే నవ్వని త్వరలోనే అర్థమై, తనూ నవ్వేసింది.

తర్వాత భుజంగాసనం. బోర్లా పడుకుని పాము పడగెత్తినట్టు లేవమంది.

"పడగ ఎలా ఉంటుందమ్మా?" అడిగాడు బాబాయ్. "పాము అనగానే పరిగెత్తమన్నవాళ్ళే గానీ, ఆగి తడిమి చూడమన్నవాళ్ళు నా జన్మలో లేరు."

కత్తెరక్క మాటలు వదిలేసి చేతులకు పని చెప్పింది. ఆయన భుజం సరిచేద్దామని దగ్గరికెళ్ళి చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. "చెప్పి ముట్టుకో తల్లీ. నీ చెయ్యి ఎటునుంచి వస్తుందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు మెత్తగానే. ఆరోజు కత్తెరక్క ఇంటికెళ్ళి అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు బల్ల మీద చొక్కాలు కోస్తూ ఉండగా ఆమెకు దారి దొరికింది. పాముల్ని, చెట్లనూ చూడనివాళ్ళయినా రోజూ బట్టలు తొడుక్కునేవాళ్ళే. ఒంటి మీద ఏ కుట్టు ఎక్కడుందో వాళ్ళ వేళ్ళకు తెలుసు. ఆ భాష తన భాష.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఇలా చెప్పింది: "బోర్లా పడుకున్నారుగా. మీ చొక్కా గుండీలన్నీ నేలకు తగులుతున్నాయి. ఊపిరి పీలుస్తూ, మెడ దగ్గర గుండీ నేలను వదలాలి. తర్వాత దాని కింది గుండీ. తర్వాత ఆ కిందిది. బొడ్డు దగ్గర గుండీ మాత్రం నేలను అంటుకునే ఉండాలి. ఎవరి గుండీ ఎక్కడ ఆగితే అక్కడే ఆగండి."

ఒక్కొక్క తలా లేచింది, ఒక్కొక్క ఛాతీ లేచింది. హాలంతా పడగలెత్తింది.

"ఓహో, ఇదా పడగ!" అన్నాడు బాబాయ్, పైకి లేచిన గొంతుతో. "పాముకు ఇంత హాయిగా ఉంటుందంటే దాని జోలికి ఎవరు పోతారు!"

ఆ తర్వాత ఆమెకు మాటలు వాటంతటవే దొరికాయి. నిటారుగా నిలబడే తాడాసనానికి, "చంక నుంచి మడమ దాకా పక్క కుట్టు ముడత లేకుండా వేలాడాలి" అనేది. ఊపిరి పీల్చడం పూరకం: "నడుం దగ్గర నాడా బిగుసుకోవాలి." వదలడం రేచకం: "నాడా వదులవ్వాలి." ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో చూపుతో ఆసరా దొరకదు కాబట్టి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరసగా నిలబడమంది. ఒకరు ఊగితే వరసంతా ఊగేది, ఒకరు కుదురుకుంటే వరసంతా కుదురుకునేది. చెట్టు ఒక్కటే అయితే గాలికి భయం, తోపయితే భయం లేదని బాబాయ్ వ్యాఖ్యానం.

అన్నిటికన్నా ఆమెను తిప్పలు పెట్టింది ప్రత్యాహారం. బయటికి పోయే ఇంద్రియాలను ఇంటికి పిలవడం అని మాస్టారు చెప్పాడు. లైబ్రరీ మేడ మీద ఆ మాటకు కళ్ళు మూసుకుంటే సగం పని అయ్యేది. ఇక్కడ? తనే ఒక సాయంత్రం వాళ్ళ మధ్య కూర్చుని కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి వీధిలో హారన్లు, వంటింట్లో గిన్నెలు, పక్కవాళ్ళ ఊపిరి, అన్నీ ఆమె మీదికి వచ్చిపడ్డాయి. వీళ్ళ చెవులకు పొద్దున్నుంచి రాత్రి దాకా సెలవే లేదని అప్పుడు తట్టింది.

"ఈపూట చెవులకు సెలవిద్దాం," అంది. "చప్పుడు వస్తే రానివ్వండి. అదెవరిదో, ఎంత దూరమో కనుక్కోవడానికి మీరు ఎదురెళ్ళకండి. మీకేం కాకుండా నేను చూస్తూ కూర్చుంటాను."

చాలాసేపు ఎవరూ కదల్లేదు. లేచాక ఫోనమ్మాయి అంది: "అక్కా, ఆఫీసులో ఫోను మోగకపోయినా నా చెవి దాని దగ్గరే ఉంటుంది. ఇవాళ మొదటిసారి నా దగ్గరికొచ్చింది."

ఆ మాట పట్టుకుని కత్తెరక్క ఇంటిదాకా గాల్లో నడిచి వెళ్ళింది. గట్టు తగిలి పడబోయింది కూడా.

అంతా బాగున్నప్పుడే ఆ పొరపాటు జరిగింది. హాస్టలుకు సాయం చేసే పెద్దలు చూడటానికి వస్తున్నారని వార్డెనమ్మ చెప్పింది. తనవాళ్ళు ఎంత నేర్చారో చూపించాలని కత్తెరక్కకు ఆశ పుట్టింది. భుజాల మీద నిలిచి కాళ్ళు ఆకాశానికి ఎత్తే సర్వాంగాసనం అయితే చూసేవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. అందరిలో ఒళ్ళు తేలిగ్గా వంగేది ఫోనమ్మాయికే. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. రోజూ అదే సాధన, తల కింద, కాళ్ళు పైన. మధ్యలో ఊపిరి బిగబట్టే కుంభకం కూడా.

తలకిందుల ఆసనాలు అందరికీ పనికిరావని, ముందు ఒంటి సంగతులు అడగాలని మాస్టారు ఎప్పుడో హెచ్చరించాడు. ఆమె అడిగింది కూడా. గుండె, రక్తపోటు, మెడ, నడుము అన్నీ అడిగింది. కళ్ళ సంగతి మాత్రం అడగలేదు. చూపులేనివాళ్ళను పట్టుకుని కళ్ళెలా ఉన్నాయని అడగడం ఏం మర్యాద అనుకుంది. ఆ కళ్ళకు ఇంక పోయేదేముందని కూడా, తనకే తెలియకుండా, అనుకుంది.

ఫోనమ్మాయికి పోయేది ఉంది. చిన్నప్పుడే నీటికాసులు అనే జబ్బు, కంటిలో ఒత్తిడి పెరిగి చూపును తినేసేది, ఒక కన్నును పూర్తిగా, రెండోదాన్ని ముప్పాతిక వంతూ మింగేసింది. మిగిలిన కంట్లో కాస్త వెలుతురు తెలుస్తుంది. పొద్దున కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. ఆ సంగతి ఆమె క్లాసులో చెప్పలేదు.

ఒక ఉదయం ఆసనం దిగి లేస్తూనే తల పట్టుకుంది. కన్ను పొడిచేస్తోందంది. వాంతి చేసుకుంది. "అక్కా, కిటికీ కనిపించట్లేదు" అంది.

కత్తెరక్క ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది. ఏ కిటికీ? ఈ పిల్లకు కిటికీ ఏమిటి? వార్డెనమ్మ పరుగున వచ్చి చెబితేగానీ విషయం తెలియలేదు. బండిలో కంటి ఆస్పత్రికి పోతున్నంతసేపూ ఆ పిల్ల తలను ఒడిలో కాకుండా ఎత్తుగా, తన భుజానికి ఆనించి పట్టుకుంది.

డాక్టరమ్మ చుక్కల మందులు వేసి, ఇంజక్షన్లిచ్చి ఒత్తిడి దించే పని మొదలుపెట్టింది. కబురందుకుని అమ్మాయి తల్లి వచ్చింది. క్యాంటీన్లో వంట చేసే మనిషి, ఆప్రాన్ కూడా విప్పకుండా వచ్చేసింది. వార్డెనమ్మ ఆమెను పక్కకు తీసుకెళ్ళి, "జబ్బు ఉన్నదే కదమ్మా, దానంతటదే పెరిగి ఉండొచ్చు" అని సర్దిచెప్పబోయింది.

కత్తెరక్క బెంచీ మీదనుంచి లేచింది.

"కాదమ్మా. నేనే తలకిందులుగా నిలబెట్టాను. కంటి సంగతి అడగాల్సింది, అడగలేదు. తప్పు నాది."

తల్లి ఆమె వంక చూసింది. తర్వాత నోరు విప్పింది. అడక్కుండా ఎలా చేయించావంది, గుడ్డలు కోసుకునేదానికి నీకెందుకీ పని అంది, నా బిడ్డకు దేవుడు మిగిల్చిన కాస్త వెలుగును నీ ఆటలకు వాడుకున్నావంది. కారిడార్లో పోయేవాళ్ళు ఆగి చూశారు. కత్తెరక్క తలవంచుకుని, ప్రతి మాటా పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది. మొగుడు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే గానీ కదల్లేదు.

తర్వాత ఆమె హాస్టలు వైపు వెళ్ళలేదు. షాపుకు మాత్రం వచ్చి కత్తిరించుకుని వెళ్ళేది. ఆ రోజుల్లో బల్ల దగ్గర ఆమె గొంతు విన్నవాళ్ళు లేరు. మాస్టారు మోకాలి నొప్పితో కర్ర పట్టుకుని వచ్చి, అదే స్టూలు మీద కూర్చున్నాడు.

"మొదటి మాట ఏం చెప్పానమ్మా నీకు?"

"అహింస," అంది తలెత్తకుండా. "మీరు చెప్పినప్పుడు, చీమనూ దోమనూ చంపొద్దని కాబోలు అనుకున్నాను. అది మనకు తెలిసిందేగా అని దాటేసి ఆసనం దగ్గరికొచ్చేశాను."

"అందరం అలాగే దాటేస్తాం. నేనూ దాటేసినవాణ్ణే. మెడ పట్టేసినవాళ్ళతో కూడా తలకిందులు చేయించిన రోజులు నాకున్నాయి. వాళ్ళ అదృష్టం, నా అదృష్టం." ఆయన కర్రను గోడకు ఆనించాడు. "ఇప్పుడు నీకా మాట తెలిసింది. తెలిసినదానివి మానేసి కూర్చుంటే, రేపు అక్కడికి తెలియనివాడు వస్తాడు."

ఆమె కోస్తున్న బట్ట కోస్తూనే ఉంది. కానీ ఆ సాయంత్రమే షాపు ఫోను మోగింది. యజమాని పిలిచి రిసీవరు ఆమె చేతికిచ్చాడు.

"అక్కా, నేనే. ఇవాళ పొద్దున కిటికీ కనిపించింది."

కత్తెరక్క బల్లను పట్టుకుంది.

"డాక్టరమ్మ ఒత్తిడి దిగిందంది. కాస్త మసగ్గా ఉంది గానీ ఉంది. అక్కా, వింటున్నావా? నేను కూడా దాచాను. చెబితే నన్నో మూల కూర్చోబెడతారని భయమేసింది. ఎక్కడికెళ్ళినా కూర్చోబెట్టేవాళ్ళే. అమ్మకు కూడా ఈ మాట చెప్పేశాను. తిట్టింది, నీకన్నా ఎక్కువ నన్నే తిట్టింది." గొంతు మారింది. "క్లాసు ఎప్పుడక్కా?"

క్లాసుకన్నా ముందు కత్తెరక్క కంటి ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ గది బయట తన వంతు వచ్చేదాకా కూర్చుని, ఏ జబ్బుకు ఏ ఆసనం పనికిరాదో, తల ఎంతవరకు వంచొచ్చో, ఊపిరి బిగబడితే ఏమవుతుందో ఒక్కొక్కటే అడిగింది. ఆవిడ ముందు విసుక్కున్నా, ఈమె ఎందుకడుగుతుందో విన్నాక ఓపిగ్గా చెప్పింది. అవసరమైతే మళ్ళీ రమ్మంది.

తర్వాత హాస్టల్లో ఒక్కొక్కరి పక్కనా విడిగా కూర్చుని మాట్లాడింది. ఈసారి కళ్ళ గురించి మొదటే అడిగింది. చాలామంది చెప్పడానికి ఎదురుచూస్తున్నట్టే చెప్పారు. ఒకతనికి రంగుల నీడలు తెలుస్తాయి. ఒకామెకు ఎండకు కన్ను మండుతుంది. బాబాయ్ మాత్రం, "నా కళ్ళు ఊరికే అలంకారానికమ్మా, నా మోకాళ్ళ గురించి అడుగు" అన్నాడు.

సర్వాంగాసనం ఆ క్లాసులోంచి పోయింది. కుంభకమూ పోయింది. పెద్దలు చూడటానికి వచ్చిన రోజున అందరూ వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉన్నారు. ఇంతేనా అన్నట్టు ఒకాయన వార్డెనమ్మ వంక చూశాడు. "ఇంతేనండీ," అంది కత్తెరక్క, "మీరూ పడుకుంటే తెలుస్తుంది." ఆయన పడుకోలేదు గానీ, వెళ్ళేటప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

ఫోనమ్మాయి తిరిగొచ్చాక ఆమె తల ఎప్పుడూ గుండెకన్నా పైనే ఉండేలా ఆసనాలు మార్చారు. అందరూ ముందుకు వంగితే ఆమె గోడకు చేతులానించి నిలబడేది. మూల కూర్చోబెట్టలేదు, గోడ దగ్గరి చోటు క్లాసుకు మధ్యకొచ్చేలా అందరి చాపలూ తిప్పి వేయించింది కత్తెరక్క. తల్లి కొన్నాళ్ళు రోజూ వచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకుని కాపలాగా నిలబడింది. తర్వాత లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. ఒకరోజు ఎవరూ పిలవకుండానే ఓ చాప తెచ్చుకుని, కూతురి పక్కన పరిచి, "నా నడుముకు కూడా ఏదైనా చెప్పు" అంది, మొహం అటు తిప్పుకునే.

"ముందు నీ నడుం సంగతేంటో చెప్పు వదినా," అంది కత్తెరక్క.

పాఠాలను రికార్డు చేద్దామన్న ఆలోచన ఫోనమ్మాయిదే. మాటలు కత్తెరక్కవి, గొంతు ఆ పిల్లది. ప్రతి పాఠం ముందూ ఎవరు చేయకూడదో చెప్పేవాళ్ళు. ఆ తర్వాతే ఎలా చేయాలో. ఆ రికార్డులు చేతులు మారి చాలా ఊళ్ళకు పోయాయి. ఎక్కడెక్కడి హాస్టళ్ళవాళ్ళో ఫోన్లు చేసి, గుండీల పాఠం మాకూ కావాలి అని అడుగుతారు. చూపున్నవాళ్ళు కూడా వింటారు. మాస్టారే తన క్లాసులో అప్పుడప్పుడు అది పెట్టి, అందరితోపాటు తనూ కళ్ళు మూసుకుని చేస్తాడు.

కత్తెరక్క ఇప్పటికీ షాపులో బట్ట కోస్తుంది. ఎవరైనా యోగా టీచరుగారూ అంటే పక్కకు చూస్తుంది, ఎవరినో పిలుస్తున్నారనుకుని. సాయంత్రం కాగానే సుద్ద చేతులు దులుపుకుని వెనక వీధికి వెళ్తుంది.

ఈమధ్య హాస్టలుకు ఒక పంతులమ్మ వచ్చింది. ఏదో జ్వరంలో చూపు పోయి ఎంతోకాలం కాలేదు. ఎవరితోనూ మాట్లాడదు. పలకరిస్తే మొహం తిప్పుకుంటుంది. క్లాసుకు చెయ్యి పట్టుకుని తీసుకొస్తే గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. కత్తెరక్క ఆమెను కదపలేదు. క్లాసు అయ్యాక అందరూ భోజనాలకు పోతే, వెళ్ళి పక్కన నేల మీద కూర్చుంది.

"నేను మీ ఎడమ పక్కన ఉన్నానండీ," అంది. "ముట్టుకోను."

 వంటింట్లో కంచాల చప్పుడవుతోంది. చివరికి పంతులమ్మ అంది, ఎవరి మీదో కోపంగా: "నన్నేం చేయమంటారు ఇప్పుడు?"

"ఏమీ వద్దండీ. ఊపిరి వస్తోందిగా, రానివ్వండి. పోతుంటే పోనివ్వండి. అంతకన్నా ఈపూటకు పాఠం లేదు."

 కాసేపటికి పంతులమ్మ భుజాలు దిగాయి. ఇంకాసేపటికి, తన చేతిని తనే వెతుక్కున్నట్టుగా తీసి, పొట్ట మీద పెట్టుకుంది. కత్తెరక్క లేవలేదు. పంతులమ్మే భోజనానికి లేద్దామనేదాకా పక్కనే కూర్చుంది.